దూది పింజ పందెం

భివండిలోని కామత్‌ఘర్ సందుల్లో గట్టయ్య పేరెత్తితే సాంచాల మీద పనిచేసేవాళ్లు ముందు అతని నోటి గురించే చెబుతారు. మాటకారి అని కాదు. అతను నలుగురిలో నోరు విప్పడమే తక్కువ. నాడెలోంచి దారం పీల్చే పనిలో అతన్ని మించినవాడు ఆ కార్ఖానాలో లేడని వాళ్ల ఉద్దేశం.

ఈ పీల్చడం ఏమిటో నాకు మొదట్లో అర్థం కాలేదు. గట్టయ్య భార్య సమ్మవ్వ స్టవ్ మీద చాయ్ పెట్టి, నా తెలివితక్కువ ప్రశ్నలకు నవ్వుకుంటూ ఓపిగ్గా చెప్పింది. సాంచె అంటే కరెంటుతో నడిచే మగ్గం. బట్ట నేస్తూ అటూ ఇటూ పరుగెత్తే నాడె కడుపులో దారం చుట్టిన కండె ఉంటుంది. కండె అయిపోగానే కొత్తది పెట్టి, దాని దారం కొసను నాడె పక్కనున్న సన్నని కన్నంలోంచి బయటికి లాగాలి. వేళ్లతో లాగుతూ కూర్చుంటే సాంచె ఆగిపోతుంది, పక్క సాంచెలో దారం తెగుతుంది. అందుకని నాడెను మూతి దగ్గర పెట్టుకుని ఒక్క పీల్పు పీలుస్తారు. దారం కొస నాలుక మీదికి వచ్చేస్తుంది. దాంతోపాటు కన్నంలో పేరుకున్న నూగు, నూనె వాసన, అంతకుముందు షిఫ్టు మనిషి ఎంగిలి, అన్నీ వస్తాయి.

"కొత్త పోరగాళ్లు ఎన్నిసార్లు పీల్చినా దారం రాదు," అంది సమ్మవ్వ. "గీయన మూతి కాడికి తీస్కపోతె సాలు, దారమే ఉరికొస్తదనేటోళ్లు. సేట్ ఇంటికి సుట్టాలొస్తె కార్ఖానాకు తోల్కొచ్చి మరీ సూపెట్టెటోడు."

ఆ సేట్ ఆగయ్య. ఆయనదీ గట్టయ్యదీ ఒకటే జిల్లా. కాకపోతే ఆగయ్య వాళ్లు మగ్గాలవాళ్లు, ముందుగా వచ్చి సాంచాలు పెట్టుకున్నారు. గట్టయ్యకు ఊళ్లో సెంటు భూమి లేదు. మీసాలు రాకముందే మేనమామ వెంట రైలెక్కి వచ్చి గైబీ నగర్‌లో ఒక కార్ఖానాలో ఊడ్చే పనికి కుదిరాడు. ఊడుస్తూ ఊడుస్తూ నాడె పట్టడం నేర్చాడు. పెళ్లయ్యాక ఆగయ్య దగ్గరికి వచ్చి నాలుగు సాంచాల మనిషి అయ్యాడు. నాలుగు సాంచాల మనిషి అంటే ఆ సందుల్లో కొంచెం తల ఎత్తుకుని నడవొచ్చు.

కార్ఖానాలో కిటికీలు తెరవరు. ఎండగాలి తగిలితే పడుగు దారం ఎండి తెగుతుందని భయం. లోపల గాలి మందంగా, తెల్లగా ఉంటుంది. కనురెప్పల మీద, చెవి వెంట్రుకల మీద నూగు మంచులా పడుతుంది. బయటికి రాగానే అందరూ ఒకరినొకరు చూసుకుని, చేత్తో తల దులుపుకుని, నోట్లో బెల్లం ముక్క వేసుకుంటారు. బెల్లం దుమ్మును కిందికి దింపుతుందని వాళ్ల నమ్మకం.

గట్టయ్యకు ఇంకో నమ్మకం కూడా ఉండేది. శుక్రవారం భివండిలో సాంచాలకు సెలవు. శనివారం పనిలోకి దిగిన గంటకల్లా అతని రొమ్ము పట్టేసేది. ఎవరో గుండెల మీద కూర్చున్నట్టు ఉండేదట. ఆదివారానికి కొంత సర్దుకునేది. దాన్నిబట్టి అతను తేల్చుకున్నదేమిటంటే, సెలవే తనకు పడదని. "ఇంజన్ లెక్క. సల్లబడ్డంక మల్ల ఏడెక్కేదాక గుర్రుగుర్రుమంటది," అనేవాడు సమ్మవ్వతో. అందుకని పండగకి కూడా ఎవరన్నా సెలవు పెడితే వాళ్ల బదులు తాను వెళ్లేవాడు. రోగాన్ని పోగొట్టుకోవడానికి రోగం దగ్గరికే పరుగెత్తాడని చెప్పేటప్పుడు సమ్మవ్వ గ్లాసులోకి చూస్తూ చెప్పింది, నావైపు చూడలేదు.

వాళ్లకు ఇద్దరు పిల్లలు. పెద్దది రోజా, చిన్నవాడు పాండు. రోజా అంటే గట్టయ్యకు ప్రాణం. ఒకసారి కొస విరిగిన పాత నాడెను ఇంటికి తెచ్చి ఆమెకు ఆటబొమ్మగా ఇచ్చాడు. దారం పీల్చడం తానే నేర్పాడు. పిల్ల గట్టిది, నాలుగు రోజుల్లో పట్టేసింది. వాళ్లుండే ఒక్కగది ఖోలీకి ఎవరొచ్చినా, "సూపియ్యి బిడ్డా" అనేవాడు. రోజా నాడెను మూతికి ఆనించి సుర్రున పీల్చి, దారం కొసను పళ్ల మధ్య పట్టుకుని నవ్వేది. వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టేవాళ్లు.

రెండువేల మూడు ప్రాంతంలో, వానలు వెనకబట్టాక, రోజా చదివే బడికి దీపాలి అనే కొత్త టీచర్ వచ్చింది. సాంచాలున్న ఇంటి అమ్మాయే. ఠాణేలో చదువుకుని వచ్చింది. తెలుగులో మొదలుపెట్టి మరాఠీలో ముగిస్తుంది. పిల్లలకు గాలి గురించి చెప్పాలని ఆమెకు పట్టుదల. పాఠం చదివిస్తే సగం మంది నిద్రపోతున్నారని, ఆటలు కట్టింది. తెల్ల అట్టముక్కకు కొబ్బరినూనె రాసి ఇంటి గుమ్మానికి వేలాడదీసి, వారం తర్వాత ఎవరిది ఎంత నల్లబడిందో పోల్చుకోవడం ఒక ఆట. పిల్లలందరికీ నచ్చింది మాత్రం ముగ్గు ఆట.

బడి వెనక గచ్చు మీద సుద్దతో పెద్ద మనిషిని గీసేది. ముక్కు, నోరు, గొంతు, రొమ్ములో రెండు సంచులు. కొందరు పిల్లలు చొక్కాలకు దూది పింజలు తగిలించుకుని దుమ్ము అవుతారు. కొందరు ముక్కు దగ్గర నిలబడి దుమ్మును పట్టుకునే వెంట్రుకలు అవుతారు. దుమ్ము సంచుల్లోకి చేరితే దుమ్ము గెలిచినట్టు.

మొదటిరోజు వెంట్రుక కావడానికి మగపిల్లలు ఒక్కరూ ఒప్పుకోలేదు.

"నేను ముక్కుల వెంట్రుకనా? నై టీచర్! మా అన్న నవ్వుతడు!"

"అరే, వెంట్రుకనే అసలు పోలీసు," అని దీపాలి చెప్పాక అందరూ వెంట్రుకలే అవుతామని కొట్టుకున్నారు.

రోజా మాత్రం ఎప్పుడూ దుమ్మే. ఆమె పరుగు అలాంటిది. ఒకరోజు పోలీసులందరూ ముక్కు దగ్గర చేతులు చాచి కాపు కాస్తుంటే, రోజా చుట్టు తిరిగి నోట్లోంచి దూరి, గొంతు దాటి, సంచిలో నిలబడి రెండు చేతులూ ఎత్తింది.

"చీటింగ్! చీటింగ్!"

"ఏం చీటింగ్? నోరు కాడ ఎవ్వలు లేరు గదా!"

దీపాలి నవ్వింది. "గాలి ముక్కుతోని పీలుస్తం రోజా. నోటితోని ఎవరు పీలుస్తరు?"

"మా బాపు పీలుస్తడు," అంది రోజా. ఆ చెప్పడంలో ఎంత గొప్పో. "ఒక్కటే పీల్పు. దారం బయటికే. నేను గుడ పీలుస్త, మా ఇంట్ల నాడె ఉన్నది!"

"మా కాక గుడ!" "మా బాపు గుడ!" అని మిగతావాళ్లు అందుకున్నారు.

దీపాలికి ఈ సంగతి తెలియనిది కాదు. వాళ్ల నాన్న ఒకప్పుడు పీల్చినవాడే. తెలిసీ ముగ్గులో నోటి దగ్గర ఎవరినీ నిలబెట్టలేదు. ఆమె సుద్దముక్క పక్కన పెట్టి, "వచ్చే శుక్రవారం మీ అమ్మానాన్నలను తోల్కరండ్రి. వాళ్లతోని గుడ ఆడిపిద్దాం," అంది.

రోజా ఆ వారమంతా ఊరేగింది. మా బాపు ఊదితే బెంచీ ఎగిరిపోతుందని, దూది పోయి ఎక్కడో ఉన్న టెంఘర్‌లో పడుతుందని అందరికీ చెప్పింది.

శుక్రవారం గట్టయ్య ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వెళ్లాడు. బడికి వెళ్లడం అతనికి అదే మొదటిసారి. సమ్మవ్వ కూడా వెళ్లింది. బెంచీ మధ్యలో సుద్దగీత, గీత మీద దూది పింజ. అటొకరు ఇటొకరు మోకాళ్ల మీద కూర్చుని ఊదాలి. పింజ ఎవరి వైపు రాలితే వాళ్లు ఓడినట్టు. రొమ్ములో ఎంత గాలి పడుతుందో పిల్లలకు కళ్లతో చూపించాలని దీపాలి ఆలోచన.

తల్లులు ఒకరినొకరు తోసుకుంటూ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటూ ఆడారు. తర్వాత రోజా తండ్రి చెయ్యి పట్టి లాక్కొచ్చింది. ఎదురుగా కూర్చోవడానికి మగవాళ్లు వెనకాడారు. చివరికి ఎవరో ఓదెమ్మను ముందుకు తోశారు. ఓదెమ్మ బడి ముందు బొగ్గుల మీద మక్కకంకులు కాల్చి అమ్మే ముసలావిడ. మనవడి కోసం వచ్చింది.

"ఓ గట్టన్నా, నన్ను ఎగరగొట్టకురా, నా తాన గట్టి చీర గుడ లేదు," అంటూ ఆమె కూర్చుంది. అందరూ నవ్వారు. గట్టయ్య కూడా నవ్వాడు.

"బెంచీ గట్టిగ పట్టుకో అవ్వా," అన్నాడు.

మొదటి ఊపుకు పింజ ఓదెమ్మ ముక్కు దాకా పోయింది. పిల్లలు అరిచారు. అక్కడ ఆమె బుగ్గలు పూరించి, కొలిమి దగ్గర కూర్చున్న మనిషిలా తొందర లేకుండా ఊదడం మొదలుపెట్టింది. గట్టయ్య రెండో ఊపు కోసం గాలి లోపలికి లాగబోయాడు. లాగాడు కానీ రాలేదు. గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. మళ్లీ లాగాడు. దగ్గు తన్నుకొచ్చింది. పింజ మెల్లగా గీత దాటి, బెంచీ అంచు మీద కాస్త తటపటాయించి, అతని ఒళ్లో రాలింది.

పింజ ఎటు రాలిందో చూడటానికి అందరూ మెడలు చాచారు. తర్వాత నవ్వులు.

"కంకులు కాల్చి కాల్చి ఓదెమ్మ రొమ్ము కొలిమితిత్తి అయ్యింది పో!"

"గట్టన్నకు పీల్చుడే వచ్చు, ఊదుడు రాదు!"

నవ్వనిది రోజా ఒక్కతే. ఆమె తండ్రి వంక చూస్తున్న చూపు సమ్మవ్వ చూసింది. గట్టయ్య కూడా చూశాడు. దగ్గు మింగి, మోకాళ్లు దులుపుకుని లేచి, "ముసలామె గదా. పాపమని గెలిపిచ్చిన," అన్నాడు.

ఓదెమ్మ అతని మొహం కేసి ఒకసారి చూసింది. కొంగు సర్దుకుని పోయి గోడకానుకుని కూర్చుంది.

రోజా మొహం మళ్లీ వెలిగింది. "ఇన్నరా? ఇన్నరా? మా బాపు కావాల్నని ఓడిండు! టీచర్, వచ్చే శుక్రవారం మల్ల పెట్టుండ్రి. నిజంగ పెట్టుండ్రి ఈసారి!"

కాదంటాడేమోనని దీపాలి గట్టయ్య వైపు చూసింది. అతను నేలచూపులు చూస్తున్నాడు. "సరే," అంది ఆమె.

ఆ వారం గురించి గట్టయ్య తానుగా నాతో ఎక్కువ చెప్పలేదు. సమ్మవ్వ చెబుతుంటే ఆపనూ లేదు. కార్ఖానాకు దగ్గరి దారి ఓదెమ్మ కంకుల బండి ముందు నుంచే పోతుంది. అతను ఆ వారమంతా మురుగుకాలువ పక్క సందుల్లోంచి చుట్టు తిరిగి వెళ్లాడట. ఆ చుట్టు దారిలో నడవడానికి మధ్యలో రెండుచోట్ల ఆగాల్సి వచ్చేదట.

ఆ వారం అతనిది రాత్రి షిఫ్టు. సాంచె మీద నేసిన బట్ట అంచున పింజ పెట్టుకుని ఊదడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడులో దగ్గినా ఎవరికీ వినపడదు. పక్క సాంచాల మీద పనిచేసే రాజలింగం చూడనే చూశాడు. దగ్గరికొచ్చి చెవిలో అరిచాడు:

"ఏందిరా, సాంచెకు దిష్టి తీస్తున్నవా?"

"దుమ్ము పడ్డది. ఊదుతున్న."

"దుమ్ము ఊదుతున్నవా? గీ కార్ఖానాల? సేట్‌కు చెప్పి నీకు గదే పని ఇప్పిస్త ఆగు!"

రాజలింగం నవ్వుకుంటూ పోయాడు. గట్టయ్య ఊదుతూనే ఉన్నాడు. పింజ ఒక జానెడు కూడా పోయేది కాదు. ఇన్నేళ్లూ లోపలికి పీల్చడమే చూసుకున్నాడు, బయటికి ఎంత వస్తున్నదో ఎన్నడూ చూసుకోలేదు.

"దవాఖాన్లకు పోదాం పా," అంది సమ్మవ్వ.

"పోతె నలుగురికి ఎరుకైతది. ఊపిరందనోనికి నాలుగు సాంచాలు ఎవలిస్తరే?"

"గట్లయితె శుక్రారం బడికి పోకు. పనున్నదని చెప్దాం."

"రోజా అందరికి చెప్పుకున్నది," అన్నాడు గట్టయ్య. సాంచాలు పోతాయన్న భయం కంటే అతనికి అదే పెద్దదిగా ఉందని సమ్మవ్వకు అప్పుడే తెలిసింది. కూతురు కళ్లలో తాను ఏమిటో, శుక్రవారం తర్వాత కూడా అదే కావాలి.

గురువారం పొద్దున అతను పని దిగి ఇంటికి వచ్చేసరికి రోజా బడి బట్టలు వేసుకుని సిద్ధంగా ఉంది. రొట్టెలు చేసే పీట బోర్లించి, మధ్యలో సుద్దగీత గీసింది. పాండు పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"బాపు, ప్రాక్టీస్! జల్దీ కూసో, నాకు బడి టైమయితది."

కూర్చోక తప్పలేదు. మొదటిసారి పిల్ల ఊదిన ఊపుకు పింజ వచ్చి అతని గడ్డానికి అంటుకుంది. రోజా కళ్లు ఒకసారి పెద్దవయ్యాయి.

"నువ్వు రెడీ కాకముందే ఊదిన. ఫిర్ సే, మల్ల ఆడుదాం."

రెండోసారి గట్టయ్య గెలిచాడు. ఆ తర్వాత కూడా గెలిచాడు. పాండు గంతులు వేశాడు. రాత్రంతా నిలబడి వచ్చిన మనిషికి ఒళ్లు తేలికైనట్టు అనిపించింది. కార్ఖానా గాలిలోనే ఏదో దోషం ఉంది, ఇంట్లో బాగానే ఉన్నాను కదా అనుకున్నాడట. ఆ సంతోషంలో, ఇంకోసారి ఆడేటప్పుడు, పింజను కాకుండా కూతురి మొహాన్ని చూశాడు.

రోజా బుగ్గలు నిండుగా ఉబ్బి ఉన్నాయి. మెడ నరాలు కూడా బిగపట్టింది. పెదాలు మాత్రం మూసి ఉన్నాయి. వాటి మధ్యనుంచి చిటికెడు గాలి కూడా రావడం లేదు. ఆమె కళ్లు తండ్రి కనిపెడుతున్నాడా లేదా అని అతన్నే చూస్తున్నాయి.

పింజ ఆమె వైపు రాలింది. పాండు చప్పట్లు కొట్టాడు.

"ఊదుతలేవేందే?" అన్నాడు గట్టయ్య.

రోజా కాసేపు సుద్దగీతను వేలితో చెరుపుతూ కూర్చుంది. "నువ్వు ఓదెమ్మను గెలిపిచ్చినవ్ గదా బాపు. గట్లనే." మళ్లీ తలెత్తి, పాండుకు వినపడకుండా, "రేపు గుడ నేనే నీ ఎదురుంగ కూసుంట. ఎవ్వలకు ఎరుకగాదు. నువ్వే గెలుస్తవ్," అంది.

పిల్లకు ఏం తెలిసిందో, ఎంతవరకు తెలిసిందో గట్టయ్యకు అర్థం కాలేదు. తండ్రి మొహం వాడిపోవడం చూసి, అతన్ని నవ్వించాలనుకుందేమో, రోజా గూట్లోంచి తన నాడె తీసింది. "బాపు, ఇటు సూడు," అని మూతికి ఆనించి సుర్రున పీల్చింది.

"తియ్! మూతి కాడికెల్లి తియ్!"

అంత గట్టిగా అరవడం ఆ ఖోలీలో ఎవరూ ఎన్నడూ వినలేదు. నాడెను లాక్కుని గోడకేసి కొట్టాడు. పాండు ఏడుపు లంకించుకున్నాడు. రోజా ఏడవలేదు. దారం కొస ఇంకా పెదాల మీద ఉంది. చేతి వెనక భాగంతో దాన్ని తుడుచుకుని, బడి సంచి భుజానికి వేసుకుని వెళ్లిపోయింది. గట్టయ్యకు దగ్గు మొదలైంది. అది ఆగేదాకా సమ్మవ్వ వీపు రాస్తూ ఉంది.

"నేర్పినోనివి నువ్వే గదనయ్యా," అంది, అది ఆగాక. తిట్టినట్టు కాదు. ఆ మాట అనకుండా ఉండాల్సిందని తర్వాత అనుకుందట. అప్పటికే అతను గోడవైపు తిరిగి, దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు.

శుక్రవారం బడి వెనక గచ్చు నిండిపోయింది. మాట వాడలో పాకింది కాబట్టి ఆటతో సంబంధం లేనివాళ్లు కూడా వచ్చారు. రాజలింగం వచ్చాడు. ఓదెమ్మ తన పాత చోట కూర్చుంది. రోజా ముందు రోజు సంగతి మనసులో పెట్టుకోలేదు. మాట ఇచ్చినట్టుగానే పోయి బెంచీకి అటువైపు మోకాళ్లేసింది. "బాపుకు ఎదురుంగ నేను," అంది.

"బిడ్డతోని పందెమా? గెలిచినా సిగ్గే, ఓడినా సిగ్గే!" అని ఎవరో అన్నారు. దీపాలి పింజను గీత మీద పెట్టింది.

గట్టయ్య మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఎదురుగా రోజా అప్పుడే బుగ్గలు పూరించి, పెదాలు బిగించి, సిద్ధంగా ఉంది. అతను ఆ పెదాలనే చూశాడు. చూసి లేచి నిలబడ్డాడు.

"ఏమైంది కాకా?" అంది దీపాలి.

నలుగురిలో మాట్లాడటం అలవాటు లేని మనిషి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు. "మొన్న ఓదెమ్మను నేను గెలిపియ్యలే," అన్నాడు. "ఆమెనే గెలిచింది. నేను అబద్ధం చెప్పిన. నాకు ఊపిరి అందుతలేదు."

రాజలింగం నవ్వబోయి ఆగిపోయాడు. ముందు వరసలో కూర్చున్న ఒక పిల్ల మాత్రం, ఆట నియమాల గురించి అడిగినట్టు, చెయ్యెత్తి అడిగింది.

"కాకా, దుమ్ము సంచులకు పోయిందా?"

"పోయింది బిడ్డా."

"ఎట్ల పోయింది? వెంట్రుకలు ఆపలేదా?"

"నేనే నోటితోని లోపలికి పిలిచిన దాన్ని," అన్నాడు గట్టయ్య.

దీపాలి తలవంచుకుంది. మగవాళ్లలో కొందరు దగ్గు వచ్చినా బయటికి రాకుండా గొంతులోనే సర్దుకున్నారు.

గట్టయ్య మళ్లీ మోకాళ్లేసి కూర్చున్నాడు. "ఊదు రోజా. సరిగ్గ ఊదు."

రోజా ఊదలేదు. బుగ్గల్లోని గాలి మెల్లగా దిగిపోయింది. మొహం ఎర్రబడింది. ఆమె ఎవరి వంకా చూడకుండా లేచి, పిల్లల మధ్యలోంచి దారి చేసుకుంటూ బయటికి నడిచింది. తాను కాపాడదామనుకున్నదాన్ని తండ్రే అందరి ముందూ పారేశాడు. వారం పొడుగునా ఆమె చెప్పుకున్న గొప్పలన్నీ ఆ గచ్చు మీదే మిగిలాయి. "చూడు చూడు, టెంఘర్‌ దాకా పోతదన్నది," అని ఎవరో పిల్లాడు అననే అన్నాడు.

ఓదెమ్మ లేచి గట్టయ్య దగ్గరికొచ్చింది. "నాకు మొన్ననే ఎరుక కొడుకా. నీ పీల్పు పోయేముందు మా ఆయన పీల్పు లెక్కనే ఉండె," అంది మెల్లగా. "పోరి సిగ్గుపడ్డది. దాని ఎనుకపో, పో."

ఆ రోజు గచ్చు మీద అన్న మాట మర్నాటికల్లా ఆగయ్య చెవిన పడింది. రాజలింగమే చెప్పాడంటారు కొందరు. ఆగయ్య కోప్పడలేదు. "నీ మంచికేరా" అని రెండు సాంచాలు తగ్గించాడు. దీపాలి వెంటపడి భార్యాభర్తలిద్దరినీ దవాఖానకు తీసుకెళ్లింది. డాక్టరు బెల్లం మాట, ఇంజన్ మాట విని, పని మానమన్నాడు. మానడం ఎట్లాగో ఆయన కూడా చెప్పలేదు. గట్టయ్య రెండు సాంచాల మీద, దారాన్ని పీల్చకుండా సన్నని తీగతో లాగుతూ, కొత్త పోరగాళ్ల మధ్య కొత్త పోరగాడిలా ఇంకొన్నేళ్లు పనిచేశాడు. వాళ్లు నవ్వితే తల వంచుకునేవాడు. ఆ తల వంచడం ఇప్పటికీ ఉంది. నాతో మాట్లాడేటప్పుడు కూడా.

కానీ సమ్మవ్వ ఎప్పుడు ఈ కథ చెప్పినా ఆ శుక్రవారం దగ్గరే ఆపుతుంది. ఆమె పాండు చెయ్యి పట్టుకుని వెనకాల వస్తోంది కాబట్టి మొత్తం చూసింది.

రోజా ముందు నడుస్తోంది. తండ్రి ఆమె వెనక. పిల్ల వెనక్కి తిరిగి చూడటం లేదు. కాలువ మీది ఎత్తు దగ్గర గట్టయ్య ఆగి, గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ముందు రోజా కూడా ఆగింది. వంగి చెప్పు పట్టీ సర్దుకోసాగింది. అతను కదిలాక కదిలింది. షేర్ ఆటోలు ఆగే మూల దగ్గర అతను మళ్లీ ఆగితే, ఆమె మళ్లీ వంగింది.

గట్టయ్య చూస్తూ నిలబడ్డాడు. ఆమె దగ్గరికి వెళ్లేసరికి ఇంకా వంగే ఉంది.

"చెప్పు మంచిగనే ఉన్నది గదా రోజా."

పిల్ల పట్టీని ఇంకోసారి బిగించింది.

"నేను గింతే నడుస్త ఇగ. ఎవలన్న అడిగితే మా బాపుకు ఊపిరందదని చెప్పు. గంతే."

"నేను చెప్ప," అంది రోజా. నేల చూస్తూనే లేచింది. ఏడుపు ఆపుకోవడంతో గొంతు బొంగురుపోయింది. "నువ్వే చెప్పుకో."

"సరే బిడ్డా. నేనే చెప్పుకుంట."

ఆమె అతని పక్కకు వచ్చింది. చెయ్యి పట్టుకోలేదు. ఇద్దరి మధ్యా మనిషి పట్టేంత ఎడం ఉంచి, మొహం ఇంకా అటు తిప్పుకునే, అతని అడుగుకు తన అడుగు కుదించుకుంటూ నడిచింది.